సెయిలింగ్‌కి, సెయిలింగ్‌కి మధ్య

నెల్లూరు నుంచి అరక్కోణం పెద్ద దూరమేమీ కాదు. గూడూరు, రేణిగుంట మీదుగా రైల్లో నాలుగు గంటలు. మా కావలి నుంచైతే ఇంకో గంట కలుపుకోవాలి. ఈ కాస్త దూరం మా ఇంట్లో రెండేళ్లపాటు గొడవ పెట్టింది.

మా తమ్ముడు నేవీలో హెలికాప్టర్ పైలట్. వైజాగ్‌లో ఉండి సెయిలింగ్‌లకు, అంటే ఓడ మీద సముద్రంలోకి, వెళ్లినన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. సముద్రం మీదున్న మనిషిని పండక్కి రమ్మని ఎవరడుగుతారు? 2023 జూన్‌లో వాడికి అరక్కోణం బదిలీ అయింది. అప్పటి నుంచి మొదలు. "ఓడ మీద లేడు గదా, ఇంకేం పని వాడికి?" అని పెద్దమ్మ. "ఇంత దగ్గర్లో ఉండి నెలకోసారన్నా రాడా?" అని మేనత్త. పెళ్లిళ్లకు రాలేదని, గృహప్రవేశాలకు రాలేదని, పెళ్లాం మాట విని మారిపోయాడని కూడా అన్నారు. నేను పైకి అనలేదు కానీ నా మనసులోనూ అదే మాట ఉండేది.

ఆ మాట తప్పని ఇప్పుడు నాకు తెలుసు. ఎందుకు తప్పో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. మా బంధువుల కోసమే కాదు, కొడుకునో అల్లుణ్ణో నేవీకి ఇచ్చి, "షోర్ పోస్టింగ్ వచ్చింది, ఒడ్డునే ఉంటాడు, ఇంక హాయి" అనుకునే ప్రతి ఇంటి కోసం రాస్తున్నా.

ముందు వాడి పని ఏమిటో చెప్పాలి. మా వైపు విమానం అనగానే ఎయిర్‌ఫోర్స్ అంటారు, నేవీ అనగానే ఓడ అంటారు. నేవీకి సొంత విమానాలు, సొంత పైలట్లు ఉంటారంటే చాలామందికి కొత్త. మా పాత ప్రకాశం జిల్లాలో కొరిశపాడు, రేణింగవరం మధ్య హైవే మీద 4.1 కిలోమీటర్ల రన్‌వే కట్టారు. 2024 మార్చి 18న దాని మీద సుఖోయ్‌లు, హాక్‌లు నేల తాకకుండా దూసుకుపోయాయి, ఏఎన్-32, డార్నియర్ దిగి మళ్లీ లేచాయి. ఆ రోజు నా ఫోన్ ఆగలేదు. "మీ తమ్ముడు కూడా వచ్చినాడా?" అని. అది ఎయిర్‌ఫోర్స్ వాళ్ల కార్యక్రమం, మావాడు నేవీ అని ఎంతమందికి చెప్పానో.

నేవీ విమానాల చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. 1953 మే 11న కొచ్చిలో ఐఎన్ఎస్ గరుడ అనే నేవీ ఎయిర్ స్టేషన్‌తో ఈ కథ మొదలైంది. మన వైజాగ్‌లో ఐఎన్ఎస్ డేగా 1991లో వచ్చింది. అరక్కోణంలో ఐఎన్ఎస్ రాజాళి 1992 మార్చి 11న మొదలైంది. జలాంతర్గాముల్ని వెతికే పీ-8ఐ విమానాలు 2013లో మొదట దిగింది రాజాళిలోనే. హెలికాప్టర్ పైలట్లను తయారుచేసే బడి కూడా అక్కడే ఉంది. మన నేవీ వాళ్లే కాక కోస్ట్‌గార్డ్ వాళ్లు, మిత్ర దేశాల నుంచి వచ్చినవాళ్లు కూడా అక్కడ నేర్చుకుంటారు. మావాడు ఆ బడిలో ఇన్‌స్ట్రక్టర్. అంతకుముందు వైజాగ్ నుంచి ఓడల మీద చేతక్ హెలికాప్టర్ నడిపాడు. ఓడతో పాటు ఒక హెలికాప్టర్, ఇద్దరు ముగ్గురు పైలట్లు, కొందరు టెక్నీషియన్లు వెళతారు. ఆ చిన్న గుంపును 'ఫ్లైట్' అంటారు. ఓడ రేవుకు తిరిగొస్తుంటే హెలికాప్టర్ ముందుగానే డెక్ మీద నుంచి లేచి డేగాకు వెళ్లిపోతుంది. రేవులో ఓడ కోసం ఎదురుచూసే భార్యాపిల్లలకు చాలాసార్లు పైలట్ కనబడడు. అప్పటికే వాడు ఎయిర్ స్టేషన్‌లో ఇంకో పనిలో ఉంటాడు. ఈ సంగతి మా మరదలు చెప్పేదాకా నాకు తెలియదు.

ఇక 2023 డిసెంబరు. నాయనకు హెర్నియా ఆపరేషన్. శనివారం నెల్లూరులో చేశారు. ఆదివారానికి తుఫాను కబురు, సోమవారానికి ఆకాశం విరిగి మీద పడింది. మిచౌంగ్. మంగళవారం, డిసెంబరు 5న, బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ దాని దెబ్బ మొదట తిన్నది చెన్నై, నెల్లూరు. ఆస్పత్రిలో నాయన, ఊళ్లో రొయ్యల గుంటలు. మా ఆయన, ఇద్దరు కూలీలు రాత్రంతా ఇసుక బస్తాలు వేసినా ఒక గుంట కట్ట తెగిపోయింది. నెలన్నర వనామి పిల్ల కాలవలో కలిసిపోయింది. నేను తమ్ముడికి ఫోన్ చేసి గట్టిగా అరిచాను. "నాలుగు గంటల దూరంలో ఉండావు. నాయన ఆస్పత్రిలో ఉంటే రాలేవా?"

"రెడీగా ఉండమన్నారక్కా. ఎప్పుడు పిలుస్తారో తెలీదు, కదలకూడదు" అన్నాడు.

తుఫాను వస్తుందంటే డేగాలో, రాజాళిలో హెలికాప్టర్లను, విమానాలను సిద్ధంగా ఉంచుతారు. మునిగిన ఊళ్లను పైనుంచి చూడటానికి, జనాన్ని ఎత్తుకు రావడానికి, తిండి జారవేయడానికి. అయితే ఆ మూడు రోజులూ మావాడికి పిలుపు రాలేదు. వాడు ఎగరనే లేదు. పది రోజుల తర్వాత ఇంటికొచ్చినప్పుడు మేనత్త అడిగిన మాట ఇదే: "ఎగరనూ లేదు, రానూ లేదు. మరి ఏం చేసినావురా?" వాడు తలదించుకుని అన్నం తిన్నాడు. నేను కూడా వాడి తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

సంక్రాంతికి వాడికి సెలవు కుదరలేదు. నాకు బడి సెలవులు. పిల్లల్ని తీసుకుని నేనే వెళ్లాను, వారం ఉన్నాను. హెలికాప్టర్లు నిలిపే హ్యాంగర్లోకి మనల్ని రానివ్వరు. క్వార్టర్స్‌లో ఉండి చూసింది, భోజనాల దగ్గర అడిగి తెలుసుకుంది, మరదలు చెప్పింది, అంతే. అదే చాలింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు. ముందు వాతావరణం బ్రీఫింగ్. మంచు ఎంతుంది, గాలి ఎటు, మేఘం ఎంత కింద ఉంది. ఆ తర్వాత ఆ రోజు ఎవరు ఎవరితో ఎగరాలి, ఏ పాఠం, ఎంత ఎత్తు, ఏదైనా పాడైతే ఎక్కడ దించాలి. ఇవన్నీ మాట్లాడుకున్నాకే బయటికి నడుస్తారు. పొద్దున ఎగరడానికి ఒక కారణం ఉంది. ఎండ పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం అదే హెలికాప్టర్ అంత బరువు మోయలేదు. ఒక్కో సార్టీ, అంటే ఒకసారి ఎగిరి దిగడం, గంట. దిగాక ఆ గంటలో జరిగిన ప్రతి తప్పునూ నేర్చుకునే పిల్లవాడితో కూర్చుని మళ్లీ మాట్లాడాలి. ఒక్కోసారి ఎగిరింది గంట, మాట్లాడింది రెండు గంటలు. మా బడిలో నలభై ఐదు నిమిషాలు పాఠం చెప్పి బయటికొచ్చేదాన్ని, నాకు అది ఆశ్చర్యం.

ఏం నేర్పుతావురా అని అడిగాను. "ఇంజన్ ఆగిపోతే ఎట్ట దించాలో" అన్నాడు. చేతక్‌కు ఉండేది ఒకటే ఇంజన్. భోజనాల బల్ల పైన తిరుగుతున్న ఫ్యాను చూపించి చెప్పాడు. "కరెంటు పోయినా ఫ్యాను కాసేపు తిరుగుతుంది గదక్కా. హెలికాప్టర్ కిందికి దిగిపోతుంటే కిందనుంచి కొట్టే గాలి రెక్కల్ని తిప్పుతానే ఉంటుంది. నేల దగ్గరకొచ్చినాక ఆ తిరుగుడులో ఉన్న బలాన్ని ఒక్కసారి వాడుకోని మెత్తగా దించాలి. తొందరపడితే ఆ బలం పైనే అయిపోతుంది. ఆలస్యమైతే నేల."

ఇది నేర్పడమంటే పిల్లవాడి పక్కన కూర్చుని, వాణ్ణి తప్పు చేయనివ్వాలి. అసలు తప్పే చేయనివ్వకపోతే వాడు నేర్చుకోడు. మరీ ఎక్కువ చేయనిస్తే ఇద్దరూ ఉండరు. ఎక్కడ ఆపాలో ఆ రెండు మూడు క్షణాల్లో తేల్చుకుని కంట్రోల్స్ చేతిలోకి తీసుకోవాలి. రోజుకు రెండు మూడు సార్లు, వారానికి ఐదు రోజులు. ఓడ మీద ఉన్నప్పుడు తన చెయ్యి తన అదుపులో ఉంటుందట. ఇక్కడ ఇంకొకడి చెయ్యి. "ఇదే ఎక్కువ అలసటక్కా" అన్నాడు. మూడు సెయిలింగ్‌లు చేసినవాడు ఆ మాట అంటే నేను నమ్ముతాను.

ఒడ్డున చేసేది ఉత్త ప్రాక్టీసే గదా, ప్రమాదం లేనిది గదా అనుకునేవాళ్లుంటారు. 2020 నవంబరు 26న అరేబియా సముద్రంలో కూలిన మిగ్-29కే గుర్తు చేసుకోండి. విమానాలు మోసే ఓడ విక్రమాదిత్య నుంచి లేచింది, అది శిక్షణ కోసం ఎగిరిన విమానమే. నేర్చుకుంటున్న పైలట్‌ను కాపాడగలిగారు. నేర్పుతున్నాయన శరీరం 11 రోజుల తర్వాత గానీ దొరకలేదు. 2023 నవంబరు 4న కొచ్చిలో, గరుడలో, మరమ్మతు తర్వాత నేల మీదే చేసే తనిఖీలో చేతక్ ప్రమాదానికి గురై గ్రౌండ్ సిబ్బందిలో ఒకరు చనిపోయారు. గాల్లోకి లేవకుండానే. మా మేనత్త "ఏం చేసినావురా" అని అడిగింది దానికి నెల దాటాక. ఆ నెలంతా వాడు ఫోన్లో ఎందుకు ముక్తసరిగా మాట్లాడాడో నాకు అప్పుడు తట్టలేదు. వాడు ఎక్కేదీ, పిల్లలకు నేర్పేదీ అదే రకం హెలికాప్టర్.

కొచ్చిలోనే ఇంకో శిక్షణ ఉంది, దాని గురించి విన్నాక రెండు రాత్రులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. హెలికాప్టర్ క్యాబిన్ లాంటి డబ్బాలో మనుషుల్ని బెల్టులతో కట్టి నీళ్లలోకి దించి తలకిందులు చేస్తారు. హెలికాప్టర్‌కు ఇంజను, గేర్‌బాక్స్ అన్నీ పైభాగంలో ఉంటాయి. సముద్రంలో పడితే ఆ బరువుకు బోర్లా తిరగడం ఎక్కువ. అందుకే ఆ సాధన. చీకట్లో, నీళ్లలో, తలకిందులుగా ఉండి, ముందు ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, ఆ తర్వాతే బెల్టు విప్పాలి. ముందు బెల్టు విప్పితే ఏది పైన ఏది కింద తెలియదు. ఒకసారి చేస్తే జీవితాంతం చాలదు, మళ్లీ మళ్లీ చేయాలి. అక్కడికి వెళ్లేదాన్ని వాళ్లు 'టీడీ' అంటారు, టెంపరరీ డ్యూటీ. మావాడు "కొచ్చికి టీడీ" అంటే మా ఇంట్లో కేరళ ట్రిప్పు అనుకున్నారు.

ఈ మళ్లీ మళ్లీ అనేదే అసలు విషయం. పైలట్‌కు ఒకసారి వచ్చిన విద్య అలాగే నిలబడదు. రాత్రిపూట ఎగిరి ఇన్ని రోజులైతే మళ్లీ పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని చూపించాలి. ఓడ మీద దించి ఇన్ని రోజులైతే అంతే. పరికరాల్ని మాత్రమే చూసి ఎగరడానికి వేరే పరీక్ష, అది కూడా గడువు తీరుతుంటుంది. డాక్టర్ల తనిఖీ ఏటా. వాళ్ల భాషలో 'కరెన్సీ' అంటే డబ్బు కాదు, ఈ గడువులే. ఓడ డెక్ మీద దించడం ఎందుకంత కష్టమంటే, దిగాల్సిన చోటు ముందుకు పోతుంటుంది, పక్కలకు ఊగుతుంటుంది, పైకీ కిందికీ లేస్తుంటుంది. రాత్రయితే నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత కనబడదు. యుద్ధ విమానాల వాళ్లకైతే గోవాలో ఒడ్డు మీదే ఓడ డెక్ లాంటిది కట్టారు. 14 డిగ్రీల వాలుతో పైకి లేచే ర్యాంపు, దిగేటప్పుడు విమానాన్ని పట్టి ఆపే తీగలు. తేజస్ నేవీ రకం ముందు అక్కడ దిగడం నేర్చుకుని, ఆ తర్వాతే 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద దిగింది. సముద్రం మీద మనం టీవీలో చూసే ఒక్క ల్యాండింగ్ వెనక ఒడ్డు మీద ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి.

ఎగరడం ఆగితే ఏమవుతుందో 2025లో చూశాం. జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు చనిపోయారు. దేశంలోని ధ్రువ్‌లన్నిటినీ నేల మీదకు దించేశారు. మూడు దళాల్లోనూ నెలల తరబడి అవి లేవలేదు. తమ్ముడి స్నేహితుడొకడు ధ్రువ్ పైలట్. బయటివాళ్లకు అవి పూర్తి సెలవు నెలల్లా కనిపించి ఉంటాయి. ఆ అబ్బాయి మా ఇంటికొచ్చినప్పుడు రొయ్యల కూర ముందు పెట్టుకుని అన్న మాట నాకు గుర్తుంది: "చెయ్యి మొద్దుబారిపోతుందేమోనని భయంగా ఉందక్కా." సిమ్యులేటర్ ఉంది, పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి. కానీ చెయ్యికి తెలిసింది చెయ్యితోనే నిలబెట్టుకోవాలి. ఖాళీగా ఉండటం వాళ్లకు విశ్రాంతి కాదు, టెన్షన్.

ఇంత చెప్పినా ఇది వాడి రోజులో సగమే. మధ్యాహ్నం తర్వాత ఇంకో ఉద్యోగం మొదలవుతుంది. రన్‌వే చుట్టూ గడ్డి పెరిగితే పురుగులొస్తాయి, పురుగుల కోసం పక్షులొస్తాయి, పక్షి ఇంజన్లోకి పోతే ప్రమాదం. గడ్డి కోయించడం నుంచి చుట్టుపక్కల చెత్త పారబోయకుండా చూడటం దాకా ఎవరో ఒకరు చూసుకోవాలి. రన్‌వే మీద అందరూ వరసగా నిలబడి రాయి, మేకు, బోల్టు ఏరుకుంటూ నడుస్తారు. స్టోర్ సరుకుల లెక్కలు, విచారణ కమిటీలు, డ్యూటీ ఆఫీసర్‌గా రాత్రి మేలుకోవడం. మా ఇంట్లో ఎవరూ ఊహించనిది ఇంకోటి ఉంది. నేవీలో ప్రతి ఆఫీసర్ చేతికింద కొందరు సెయిలర్లుంటారు. వాళ్లకు ఇతను డివిజనల్ ఆఫీసర్. వాళ్ల సెలవులు, అప్పులు, పిల్లల స్కూలు సీట్లు, ఇంటి గొడవలు అన్నీ ఇతని దగ్గరికే వస్తాయి.

నేనున్న వారంలోనే ఒక రాత్రి తొమ్మిదింటికి ఒక సెయిలర్ వచ్చాడు. ఊళ్లో తండ్రికి పక్షవాతం. సెలవు కాగితాలు, రైలు టికెట్టు, ఆస్పత్రిలో మాట్లాడాల్సిన మాటలు, అన్నీ తమ్ముడు పదకొండింటి దాకా కూర్చుని చూశాడు. మర్నాడు నాలుగున్నరకు లేవాలి. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు నాయన ఆపరేషన్ గుర్తొచ్చింది. ఇంకొకరి నాయన కోసం వాడు కూర్చున్నాడు. ఒక క్షణం కోపం కూడా వచ్చింది. ఆ కుర్రవాడి మొహం చూశాక పోయింది.

ఇక్కడ నాకో ఫిర్యాదు ఉంది, ఇది వాడి మాట కాదు, పూర్తిగా నాది. ఒడ్డున ఉన్నవాళ్లు దొరుకుతారు కాబట్టి అన్ని పనులకూ వాళ్లనే వాడేస్తారు. వచ్చే అతిథుల ఏర్పాట్లు, ఫంక్షన్లు, ఒకే సంగతిని మూడు చోట్ల రాసే రిపోర్టులు. విమానం నడపడానికి ఏళ్ల తరబడి ఖర్చుపెట్టి తయారుచేసిన మనిషిని కుర్చీల లెక్క చూడమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. గడ్డి కోయించడం వేరు, అది ప్రాణానికి సంబంధించింది. సెయిలర్ కష్టం వినడం వేరు, అది మనిషికి సంబంధించింది. మిగతా దాంట్లో సగం తగ్గించినా నష్టం లేదు. తగ్గిన ఆ సమయం నిద్రకు వెళ్లాలి. నిద్ర చాలని పైలట్ అంటే నాకు భయం.

"ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 20 రోజుల క్యాజువల్ లీవు. మాకెవరికీ లేవు అన్ని సెలవులు" అని మా ఆయన తమ్ముడొకసారి అన్నాడు. కాగితం మీద నిజమే, నేవీ ఆఫీసర్‌కు అన్నీ ఉన్నాయి. కానీ కోర్సు నడుస్తుంటే ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో వెళ్లలేడు. తన దగ్గర నేర్చుకునే పిల్లవాణ్ణి ఇంకొకరికి అప్పగిస్తే ఆ పిల్లవాడు వెనకబడతాడు. కాబట్టి సెలవు దొరికేది కోర్సుకీ కోర్సుకీ మధ్య. మన పెళ్లి ముహూర్తాలు, మన తుఫాన్లు, మన ఆపరేషన్లు ఆ సందుల్లో రావు. సెలవు ఉండటం వేరు, మనకు కావలసిన రోజున ఉండటం వేరు. ఈ తేడా మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

మరదలిది ఒంగోలు. వైజాగ్‌లో మంచి ఉద్యోగం చేసేది, బదిలీతో వదిలేసింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. పిల్ల ఒకటో తరగతికొచ్చేసరికి రెండో బడి. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ నాతో అంది: "సెయిలింగ్‌లో ఉన్నప్పుడు రాడని తెలుసు వదినా. క్యాలెండర్ మీద గీతలు కొట్టుకుంటూ ఉంటా. ఇక్కడుంటే ఏడింటికి వస్తాడేమో, ఎనిమిదింటికి వస్తాడేమో అని రోజూ ఎదురుచూస్తా. అదే కష్టంగా ఉంది." మేనత్త చెప్పిన "పెళ్లాం మాట విని మారిపోయాడు" అన్న మాట ఈ పిల్లకు తెలిసే ఉంటుంది. నేను ఏమీ అనలేక తన చేతిలోంచి బట్టలు తీసుకుని మడతపెట్టాను.

ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకున్నది నాయన. నేను అరక్కోణం నుంచి వచ్చి ఇదంతా చెప్పినప్పుడు గుంట గట్టు మీద కూర్చుని విన్నాడు. అప్పుడు కట్ట తెగిన గుంట ఎండబెట్టి ఉంది. రొయ్యల సాగు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పంట పట్టాక గుంట ఎండగట్టాలి, నేల నెర్రెలివ్వాలి, నల్లటి అడుగు మట్టి తీసెయ్యాలి, దున్నాలి, సున్నం చల్లాలి, నీళ్లు పెట్టి బ్లీచింగ్ కొట్టాలి. అప్పుడు గానీ సీడు వదలకూడదు. దారినపోయేవాళ్లకు అది ఖాళీ గుంట. ఆ నెల సరిగ్గా చేయకపోతే తర్వాతి పంట తెల్లమచ్చ తెగులుకే. "ఆ నెలలో నన్నెవురన్నా 'ఊరికే ఉండావా' అంటే నాకు మండుతాది" అన్నాడు నాయన. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం తనే ఫోన్ చేసి మాట్లాడాడు.

పోలిక అన్ని చోట్లా అతకదు. గుంట ఎండుతున్నప్పుడు మేము రాత్రి నిద్రపోతాం, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల మోత ఉండదు. వాడికి ఆ నిద్ర లేదు. అయినా మా ఇంట్లో ఎన్ని మాటలు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. ఇంకోటి కూడా మేం తీరం మనుషులం కాబట్టి తెలుసు, ఉప్పుగాలి. మా ఇంటి గేటు ఏడాదికోసారి రంగు వేయకపోతే తుప్పు రాలుతుంది, ఏరేటర్ బోల్టులు చేత్తో తాకితే విరిగిపోతాయి. సెయిలింగ్ నుంచి వచ్చిన హెలికాప్టర్‌ను మంచినీళ్లతో కడిగి, ప్యానెళ్లు విప్పి, ఎక్కడ తుప్పు పట్టిందో టెక్నీషియన్లు రోజుల తరబడి వెతుకుతారు. ఇన్ని గంటలకు ఈ భాగం, ఇన్ని నెలలకు ఆ భాగం మార్చాలని లెక్క. అంతా బిగించాక దాన్ని మొదటిసారి గాల్లోకి లేపి చూసేది పైలటే. ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

చప్పట్లంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2022 డిసెంబరు 4న, నేవీ డే రోజు, మేమంతా వైజాగ్ వెళ్లాం. బీచ్‌లో రాష్ట్రపతి ముందు ప్రదర్శన. హెలికాప్టర్లు వరసకట్టి వెళుతుంటే మా పిల్లలు "మామ, మామ" అని అరిచారు. వాటిలో మామ లేడు. ఆ పూట స్టాండ్‌బైలో ఉన్నాడు. బీచ్‌లో అంతమంది జనం, సముద్రంలో ఎవరైనా పడితే లేవడానికి ఒకరు సిద్ధంగా ఉండాలిగా. పిల్లలు నిరాశపడ్డారు. అప్పుడు నేనూ పడ్డాను.

సిద్ధంగా ఉన్న మనిషి విలువ ఎప్పుడు తెలుస్తుందంటే 2018 ఆగస్టులో కేరళలో తెలిసింది. వరదల్లో ఆగస్టు 17న ఆలువా దగ్గర నిండు గర్భిణిని ఇంటి మీద నుంచి నేవీ హెలికాప్టర్ పైకి లాగింది. కొచ్చిలోని నేవీ ఆస్పత్రికి తీసుకెళ్లారు, అదే రోజు మగబిడ్డ పుట్టాడు. ఆమెను ఎత్తిన హెలికాప్టర్ ఒడ్డున ఉన్న కొచ్చి ఎయిర్ స్టేషన్ నుంచి లేచింది. ఆ వారం సిబ్బంది సముద్రం మీద ఉండుంటే? ఇళ్ల మధ్య, చెట్ల మధ్య, కరెంటు తీగల మధ్య హెలికాప్టర్‌ను కదలకుండా నిలబెట్టి మనిషిని పైకి తీసుకోవడం ఆ పొద్దున నేర్చుకున్న విద్య కాదు. ఎవరికీ కనబడని వందల పొద్దుల్లో నేర్చుకున్నది. మిచౌంగ్‌కు మా తమ్ముడికి పిలుపు రాలేదు. వచ్చి ఉంటే? వాడు మా నాయన మంచం పక్కన ఉండి ఉంటే, ఆ పిలుపుకు ఎవరు లేచేవాళ్లు? నేనీ ప్రశ్న మేనత్తను అడిగాను. సమాధానం చెప్పలేదు కానీ ఆ తర్వాత వాడి మీద ఆ మాట మళ్లీ అనలేదు.

మనం ఏం చేయొచ్చు అంటే నా దగ్గర పెద్ద మాటలు లేవు. వచ్చి రెండు రోజులున్నప్పుడు పది ఇళ్లకు తిప్పొద్దు. మేము తిప్పాం, పాపం వాడు ప్రతి ఇంట్లో కాఫీ తాగుతూ కళ్లు మూసుకుపోతుంటే ఆపుకునేవాడు. ఫోన్ చేసి "ఎప్పుడొస్తావు" అనడం మానేసి "నిద్రపోయినావా" అని అడగండి. మరదలు ఫోన్ చేస్తే ముందు ఆమె సంగతి అడగండి. నేవీ వైపు నుంచి కూడా ఒకటి అడగాలనుంది. ఇంటివాళ్లకు కోర్సుల మధ్య ఖాళీలు ముందుగా తెలిస్తే చాలు, మేమే సర్దుకుంటాం. మాకు కావలసింది ఎక్కువ సెలవు కాదు, మాట తప్పని తేదీ.

మా బడిలో ఇంటర్ అయ్యాక ఏం చేయాలని అడిగే ఆడపిల్లలు ఈ మధ్య నేవీ గురించి అడుగుతున్నారు. 2019 డిసెంబరులో మొదటి మహిళా నేవీ పైలట్ వచ్చింది. 2025 జులైలో మన వైజాగ్‌లోనే, డేగాలో, ఫైటర్ వైపు వెళ్లే మొదటి అమ్మాయి వింగ్స్, అంటే పైలట్ బ్యాడ్జి, అందుకుంది. పైలట్‌గా పనికొస్తారా అని చూసే పరీక్ష జన్మకు ఒక్కసారే రాయనిస్తారని, తయారై వెళ్లమని చెబుతాను. దాంతోపాటు అరక్కోణంలో నేను చూసిన తెల్లవారుజాముల గురించి కూడా చెబుతాను. ఫొటోలో ఉండేది ఓడ, సముద్రం, హెల్మెట్. మీ జీవితంలో ఎక్కువ రోజులు ఆ ఫొటోలో ఉండవు, అయినా అవే మిమ్మల్ని బతికిస్తాయి అంటాను. ఇద్దరు పిల్లలు అది విన్నాక కూడా అప్లికేషన్ పెట్టారు.

అమ్మకు కంట్లో శుక్లం ముదిరింది. డాక్టరు నెలలోపు చేయించమన్నాడు. తేదీ పెట్టబోయే ముందు నాయన వాడికి ఫోన్ చేసి, "మీ కోర్సు ఎప్పుడు అయిపోతాది నాయనా?" అని అడిగాడు. ఇరవై రెండో తేదీ అన్నాడు. ఆపరేషన్ ఇరవై నాలుగుకు రాయించాం.